క్లచ్చు లేని కారు

మా ఇంట్లో ఒకప్పుడు ఒక తెల్ల కారు ఉండేది. దాన్ని మా ఆయన నడపలేకపోయేవాడు, నేను నడిపేదాన్ని. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, రెండు వేల అయిదు ప్రాంతంలో టేకులపల్లిలో మా ఇంటి గురించి ఎంత చెప్పుకునేవాళ్లో మీరే ఊహించుకోవచ్చు.

ఆయన చేతగాని డ్రైవరేం కాదు. కరెంటాఫీసులో లైన్‌మన్. ఆఫీసు జీపును వానాకాలం అడవి దారుల్లో, వాగుల్లో, బురదలో నడిపిన మనిషి. చిక్కంతా ఆయన ఎడమ కాలితోనే వచ్చింది. మా కారుకు క్లచ్చు లేదు. కింద రెండే పెడళ్లు, ఒకటి బ్రేకు, ఒకటి ఆక్సిలరేటరు. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. జీపు అలవాటు కొద్దీ ఆయన, గేరు మార్చాలనిపించినప్పుడల్లా ఎడమ కాలు టక్కున కిందికి తొక్కేవాడు. అక్కడ క్లచ్చు ఉండదు కదా, వెడల్పాటి బ్రేకు ఉంటుంది. కారు ఉన్నచోట నిలబడిపోయేది. వెనక కూర్చున్న మా అత్తమ్మ నుదురు ముందు సీటుకు తగిలేది. ఇట్లా రెండు మూడు సార్లయ్యాక ఆమె కొడుకుతో, "ఆ ఎడమ కాలు ఇంట్ల పెట్టిరా పో" అన్నది.

నాకు ఆ బాధ లేదు. నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది. ఇనుప పట్టీల కాలిపర్ కట్టుకుంటే నిలబడటానికి సాయం చేస్తుంది గానీ, పెడలు తొక్కమంటే తొక్కదు. ఆయన ఏ కాలును మరిచిపోలేక అవస్థ పడ్డాడో, ఆ కాలును నేను ఎప్పుడో మరిచిపోయాను.

ఆ కారు మాకు భద్రాచలం నుంచి వచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి దవాఖానా నడిపిన ఒక పెద్ద డాక్టరమ్మ మోకాళ్ల నొప్పులు పడలేక ఏరికోరి క్లచ్చు లేని కారు తెప్పించుకుంది. పని మానుకొని ఊరు విడిచి వెళ్తూ, చిన్నప్పటి నుంచీ నా కాలు చూసిన మనిషి కాబట్టి, నన్ను పిలిపించింది. మాకు అందే ధరకే ఇచ్చింది. అంతటితో ఆగలేదు. తన దవాఖానా ఆవరణలో నన్ను కూర్చోబెట్టి, చుట్టూ తిప్పి తిప్పి డ్రైవింగు నేర్పింది. "ఎడమ కాలును పట్టించుకోకుండా ఉండటమే దీంట్లో సగం విద్య. అది నీకు ముందే వచ్చు" అన్నది. ఆ మాటకు ఎవరైనా నొచ్చుకుంటారేమో. నేను మాత్రం పొట్ట పట్టుకొని నవ్వాను.

నా బడి టేకులపల్లి నుంచి చాలా లోపలికి, అడవిలో ఒక కోయగూడెంలో. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేసి పోతుంది. అక్కడి నుంచి మట్టిదారి. కాళ్లున్నవాళ్లు పాటలు పాడుకుంటూ నడిచిపోతారు. నేను నడిస్తే పిల్లలు మధ్యాహ్నం అన్నాలకు కూర్చునే వేళకు చేరుతాను. కారు రాక ముందు ఆయన స్కూటరు వెనక పోయేదాన్ని. ఎక్కడైనా తీగ తెగిందని ఆయనకు కబురొస్తే నాకు ఆ రోజు బడి లేనట్టే. ఈదురుగాలి వీచిన మర్నాడు ఊరంతా కరెంటు లేదని ఏడిస్తే, నేను బడి లేదని ఏడ్చేదాన్ని. కారొచ్చాక మొదటిసారి నా అంతట నేను తాళం తీసుకొని, నా అంతట నేను తలుపు వేసుకొని, ఇప్పచెట్ల మధ్య నుంచి బడికి పోయిన పొద్దు నాకు ఇప్పటికీ గుర్తు. దారి పొడుగునా నాలో నేను మాట్లాడుకుంటూ పోయాను. ఏం మాట్లాడానో మాత్రం గుర్తు లేదు.

ఇక మా అత్తమ్మ. మా అత్తమ్మ మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే వీలు దొరుకుతుందో లేదో. మామయ్య పోయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంది. కారు కొన్నందుకు ఆమెకు సంతోషమే. నేను నడపడమే నచ్చలేదు. "పెండ్లాం నడుపుడు, మొగుడు పక్కన సంచి పట్టుకొని కూసునుడు. నలుగురు చూస్తే ఏమనుకుంటరు?" అనేది. ఎప్పుడు ఎక్కినా వెనక సీట్లోనే కూర్చునేది. బజారు వచ్చిందంటే కొంగు తల మీదికి లాక్కొని, సీట్లో కిందికి జారేది. ఆమెను ఎవరూ చూడలేదనుకునేది. టేకులపల్లిలో అలాంటి కారు అదొక్కటే. అందులో ఎవరున్నారో తెలియనివాళ్లు లేరు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక వేసవి మొదట్లో దానికి బద్ధకం పట్టుకుంది. గేరులో వేస్తే వెంటనే కదలదు. వస్తున్నా వస్తున్నా అంటూ ఇంట్లోనే కూర్చునే చుట్టం లాగా, ఇంజను రొద పెడుతుంది గానీ చక్రాలు కదలవు. కాసేపటికి ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. ఎత్తు మీదికైతే వణుకుతుంది. మాడిన పప్పు వాసన వచ్చేది. ఒక రోజు గూడెం ముందున్న చిన్న గడ్డ ఎక్కలేక వెనక్కి జారింది. బడి పిల్లలందరూ వచ్చి నెట్టారు. వాళ్లకది పండగ. నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఖమ్మం తీసుకుపోయి చూపించాం. అక్కడి మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, నూనె కొలిచే పుల్ల తీసి వాసన చూసి, పెదవి విరిచాడు. "ఆటోమేటిక్ బాక్సు మేము ముట్టం సార్. దీని పార్టులు హైదరాబాద్‌ల గూడ దొరుకవు. ఇది తీసి పారేసి క్లచ్చుది ఏస్త. పాత గేరుబాక్సు ఒకటి నా దగ్గర్నే ఉన్నది. జిందగీల మల్ల తక్లీఫ్ ఉండదు" అన్నాడు. అడిగింది నేను. జవాబు చెప్పింది మా ఆయనకు.

"క్లచ్చుది పెడితే నేనెట్ల నడపాలె?" అన్నాను.

అతను అప్పుడు నా కాలి వైపు చూశాడు. చూసి మళ్లీ మా ఆయనతోనే, "సార్ నడుపుకుంటడు గద మేడం" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అతను జాలిపడతాడు, దాని బదులు కోపం తెచ్చుకుందాం అనుకున్నాను. కోపం నాకు చాలా తొందరగా వస్తుంది, దానికి క్లచ్చు కూడా అక్కర్లేదు. కారు తాళాలు అతని చేతిలోంచి లాక్కొని వచ్చేశాను. దారంతా ముక్కుతూ మూలుగుతూ ఎట్లాగో ఇల్లు చేరాం.

సంగతి విని అత్తమ్మ మొహం విప్పారింది. "మంచిగనే ఉన్నది గద బిడ్డా. వాడు నడుపుతడు, నువ్వు పక్కన రాణి లెక్క కూసో."

"నాకు రాణి లెక్క కూసునుడు వద్దు అత్తమ్మా. బడికి పోవుడు కావాలె" అన్నాను.

ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె అంతా విని, "అందులో నూనె మార్చి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదమ్మా. తప్పు నాదే. గేరుబాక్సు పీకే ముందు ఆ నూనె, లోపలి ఫిల్టరు మార్చి చూడండి" అన్నది. ఆమె చెప్పిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మామూలు గేరుపెట్టెలో నూనె అరుగుదల లేకుండా ఉండటానికే. దీంట్లో అట్లా కాదు. అడుగున ఉన్న పళ్లెంలోంచి ఒక పంపు, జల్లెడ లాంటి ఫిల్టరు గుండా నూనెను పీల్చి పైకి తోస్తుంది. ఆ తోపుతోనే గేరు పడుతుంది, చక్రం కదులుతుంది. నూనె చెడినా, ఫిల్టరు మూసుకుపోయినా కారుకు బలం ఉండదు.

మా ఆయనకు ఈ మాట బాగా ఎక్కింది. "ట్రాన్స్‌ఫార్మర్ల నూనె నల్లబడితే మార్చుతలేనా? ఇది గూడ గంతే. నేనే మార్చుత" అన్నాడు. మధిరలో ఉండే మా ఆడబిడ్డ భర్తకు చెబితే, ఆయన విజయవాడ పోయి, ఎక్కడెక్కడో తిరిగి ఫిల్టరూ నూనె డబ్బాలూ సంపాదించి బస్సులో పంపాడు. "ఇంతకు మించి చుక్క దొరకలేదు, ఒలకబోసుకోకండి" అని ఫోన్లో మరీ మరీ చెప్పాడు.

మా ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటంటే, శనివారం నూనె మారుస్తాం. కారు కదిలితే కదిలినట్టు. కదలకపోతే నేను మారు మాట్లాడకుండా ఖమ్మం మెకానిక్కును పిలవడానికి ఒప్పుకోవాలి. మారు మాట్లాడకుండా అన్న షరతు ఆయనే పెట్టాడు.

కారు కిందికి దూరాలంటే దాన్ని ఎత్తాలి. మా దగ్గర జాకీ తప్ప ఏమీ లేదు, జాకీని నమ్ముకొని కింద పడుకుంటే విధవరాలినవుతానని నేను ఒప్పుకోలేదు. లైన్‌మన్ ఇంట్లో ఉండేది ఏమిటి? గాలివానకు విరిగిన సిమెంటు స్తంభాల ముక్కలు. వాటిని మెట్లుగా పేర్చి, ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించాం. ఎక్కించడానికే కారు నానా యాతన పెట్టింది. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ఆయన యూరియా సంచి పరుచుకొని కిందికి దూరాడు. నేను పక్కన స్టూలు వేసుకొని పానాలు అందిస్తూ, అడగని సలహాలు ఇస్తూ కూర్చున్నాను.

అదే వాకిట్లో బావి పక్కన అత్తమ్మ గిన్నెలు తోముతోంది. మర్నాడు నెల మొదటి ఆదివారం, మా చర్చిలో ప్రభు బల్ల. ఆ రోజు ద్రాక్షరసం పోసే గిన్నె, రొట్టె పెట్టే పళ్లెం శుభ్రం చేసే పని ఏళ్లుగా మా అత్తమ్మది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి అవి అద్దంలా మెరిసేదాకా తోముతుంది. మధ్యలో ఒకసారి లేచి వచ్చి కొత్త నూనె డబ్బా మూత తీసి చూసింది. ఎర్రగా ఉంది. "అచ్చం ద్రాక్షరసమే" అని తిరిగి పోయి కూర్చుంది.

పాత నూనె బకెట్టులోకి దిగింది. అది నూనెలా లేదు, కాచి కాచి మాడ్చిన కషాయంలా ఉంది. తర్వాత చుట్టూ ఉన్న బోల్టులు విప్పి ఆయన పళ్లెం దించాడు. అడుగున ఒక అయస్కాంతం, దానికి పట్టిన నల్లటి ఇనుప పొడి. అయస్కాంతాన్ని తుడిచి జేబులో వేసుకున్నాడు. పాత ఫిల్టరు లాగితే అదీ ఊడి వచ్చింది. పళ్లెం బయటికి తోసి, "కిరసనాయిలుతో కడిగి, పీచు రాని గుడ్డతో తుడువు. దాంట్ల ఒక్క పోగు గూడ ఉండొద్దు" అన్నాడు.

నేను కిరసనాయిలు తేవడానికి లోపలికి పోయాను. ఫోన్ మోగింది. మధిర నుంచి మా ఆడబిడ్డ, పని ఎంతదాకా వచ్చిందని. చెప్పాను. ఆమె అక్కడి ఎండల గురించి చెప్పింది. మా ఆడబిడ్డ ఫోన్ చేస్తే త్వరగా పెట్టేయడం మర్యాద కాదు. తిరిగి బయటికి వచ్చేసరికి గోడ మీద ఎండలో మూడు వస్తువులు బోర్లించి ఉన్నాయి. ప్రభు బల్ల గిన్నె, ప్రభు బల్ల పళ్లెం, వాటి నడుమ మా గేరుబాక్సు పళ్లెం. మూడూ తళతళ మెరుస్తున్నాయి. వాటి పక్కనే తీగ మీద, ఫిల్టరు వచ్చిన ప్లాస్టిక్ కవరు. మా అత్తమ్మ దాన్ని కూడా సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. మంచి కవరు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లో కరివేపాకు నుంచి పెండ్లి ఫోటోల దాకా అన్నీ అట్లాంటి కవర్లలోనే ఉంటాయి.

నేను పళ్లెం తిప్పి చూశాను. మూలల్లో బూడిద. అంచు మడతలో రెండు కొబ్బరి పోగులు. ఒక్క పోగు లోపలికి పోయి ఎక్కడైనా అడ్డం పడితే అంతే సంగతులు.

"ఎవరు తోమమన్నరు మిమ్ముల?" అన్నాను. "ఇది చర్చి గిన్నె అనుకున్నరా? తెల్వని పనిల చెయ్యెందుకు పెడ్తరు? ఒక్క పీచు లోపటికి పోతే నా కారు సస్తది. అది సస్తే మీకు సంతోషమేనాయె."

చివరి మాట నేను అనాలనుకోలేదు, నోరు జారింది. జారాక నోట్లోకి తిరిగి రాదు. అత్తమ్మ ఏదో చెప్పబోయింది, కొంగు కొస చేతిలోకి కూడా తీసుకుంది. ఆ మాట విన్నాక కొంగు వదిలేసి, చర్చి గిన్నె, పళ్లెం మాత్రం తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

మా అత్తమ్మకు కోపమొస్తే మాటలు ఆపుతుంది. వంట ఆపదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నాతో చెప్పాల్సింది కొడుకుతో చెబుతుంది. మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చి, "నీ పెండ్లాన్ని అన్నం తినుమను" అన్నది. ఆయన కారు కింది నుంచి, "అన్నం తినుమంటున్నది అమ్మ" అన్నాడు. "తర్వాత తింటనని చెప్పున్రి" అన్నాను. "తర్వాత తింటదట" అని ఆయన కారు కింది నుంచే చేరవేశాడు. పాపం, ఆ రోజు ఇంట్లో కూడా ఆయనకు లైను కలిపే పనే.

పళ్లెం మళ్లీ కిరసనాయిలుతో కడిగి, వెలుతుర్లో పట్టుకొని చూసి, మళ్లీ కడిగాను. అయస్కాంతం దాని చోట పెట్టాం. ఆయన కొత్త ఫిల్టరు బిగించాడు. "మూతి కాడ జర వదులుగనే ఉన్నది. బోల్టులు బిగిస్తే ఆగుతదిలే" అన్నాడు. తర్వాత పళ్లెం, నూనె కారకుండా దాని చుట్టూ అట్ట, బోల్టులు. పొడుగాటి గరాటుతో ఎర్ర నూనె పోశాం, చుక్క కింద పడకుండా.

నేను ఎక్కి కూర్చొని స్టార్టు చేశాను. కాసేపు ఆగి గేరులో వేశాను. ఏమీ లేదు. ఆక్సిలరేటరు తొక్కాను. ఇంజను అరిచింది, చక్రాలు ఉలకలేదు. ఇంతకు ముందు కనీసం బద్ధకంగానైనా కదిలేది, ఇప్పుడు అదీ లేదు. అడుగు నుంచి కీచుమని ఒక సన్నటి మూలుగు. ఆయన పుల్ల తీసి చూస్తే ఎర్ర నూనె నిండా నురుగు. మళ్లీ మళ్లీ చేశాం. చివరికి ఆయనే తాళం తిప్పి ఇంజను ఆపి, చేతులు తుడుచుకుంటూ, "ఇగ ఆగుదాం" అన్నాడు. ఆయన గొంతులో కోపం ఉంటే పోట్లాడేదాన్ని. అది లేదు.

వరండాలోకి పోయి ఖమ్మానికి ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున జీపు, తాళ్లు తీసుకొని వచ్చి కారును లాక్కుపోతామన్నారట. నేను మారు మాట్లాడలేదు. అన్నం కూడా తినలేదు. అత్తమ్మ చింతచిగురు పప్పు చేసింది, అది నాకు ప్రాణం. నా కంచం మీద మూత పెట్టి పక్కన ఉంచింది. ఆమెకు సంతోషంగా ఉందేమోనని నేను దొంగచూపులు చూశాను. మొహంలో ఏమీ కనబడలేదు.

ఆదివారం చర్చికి ఆటోలో పోయాం. మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. నాకు మాత్రం గోడ పక్కన ఒక స్టూలు ఉంటుంది, దాని కాళ్ల దగ్గర అత్తమ్మ. పలకరింపులు లేకపోయినా ఆమె తన చోటు మార్చుకోలేదు. ప్రార్థనలో నా బుద్ధి నిలవలేదు. మర్నాటి నుంచి మళ్లీ స్కూటరు వెనక సీటు, మళ్లీ తెగిన తీగల కబుర్లు. నాకు కళ్లు మూసుకున్నా అవే కనబడ్డాయి.

కానుకల పాట ఎత్తుకున్నారు. కానుక సంచి మా వరసలోకి వచ్చింది. మా అత్తమ్మ కొంగు కొసన ఎప్పుడూ ఒక ముడి ఉంటుంది. ఇంటి తాళంచెవి, పిన్నీసులు, చర్చికివ్వాల్సిన రూకలు, పోకూడనివి ఏవైనా అందులోనే ఉంటాయి. ఆమె పంటితో లాగి ముడి విప్పింది. కానుక తీసి సంచిలో వేసింది. దానితోపాటు ఇంకేదో జారి చాప మీద దొర్లుకుంటూ వచ్చి నా బూటుకు ఆనుకుని పడింది.

వంగి తీశాను. నల్లటి చిన్న రబ్బరు రింగు. కొత్తది. ముక్కు దగ్గర పెట్టుకుంటే విజయవాడ కొట్టు వాసన.

"ఏందిది అత్తమ్మా?" అన్నాను పాటలోనే, గుసగుసగా.

ఆమె నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదన్న సంగతి ఒక క్షణం మరిచిపోయింది. "మీ కవర్లదే. కడుగుతుంటె అడుగుల కనబడ్డది. పోతదేమోనని ముడేసిన."

"మరి ఇయ్యలేదేంది?"

"ఇయ్యబోతిని. నువ్వు ఒర్రితివి."

రింగును వేళ్ల మధ్య తిప్పి చూశాను. ఫిల్టరు మూతి దగ్గర వదులు. కీచు మూలుగు. నూనెలో నురుగు. ఈ రింగు ఉండాల్సింది ఆ మూతికే. అది లేక పంపు నూనె బదులు గాలి పీల్చింది. ఈ ఆలోచన వెనకే ఇంకొకటి కూడా వచ్చింది, దాచడం దేనికి. కావాలనే ఉంచేసుకుందా? క్లచ్చు బండి వస్తే కొడుకు నడుపుతాడని? అడుగుదామని ఆమె మొహం చూశాను. ఆమె రింగును చూడటం లేదు, నా మొహాన్నే చూస్తోంది. కళ్లలో భయం. "గది లేకనేనా నడువలేదు?" అన్నది.

నేను రింగును వేళ్లతో పైకి పట్టుకొని మగవాళ్ల వైపు ఊపాను. మా ఆయన ముందు నన్ను ఊరుకోమన్నట్టు చూశాడు. తర్వాత కళ్లు చిన్నవి చేసి చూశాడు. తర్వాత ఉన్నపళంగా లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది. మా చర్చిలో కానుకల తర్వాత ఎవరైనా లేచి నిలబడితే అది దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికే. పాస్టరుగారు ఎంతో సంతోషంగా, "రండి సహోదరుడా, ఎన్నాళ్లకు" అన్నారు. పెండ్లయినప్పటి నుంచి ఆయన సాక్ష్యం చెప్పడం నేనెరగను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూసి, "పోయింది దొరికిందండి. గంతే" అని కూర్చున్నాడు. చర్చంతా గట్టిగా ఆమెన్ అన్నది. చాలామందికి అది మంచి సాక్ష్యంగానే తోచిందట, తర్వాత చెప్పారు.

ఇంటికొచ్చి ఆయన చర్చి చొక్కా మార్చుకోకుండానే కిందికి దూరబోయాడు. నేను ఆపాను. నూనె ఇంకో చుక్క లేదు. పోసిన కొత్త నూనెనే మళ్లీ వాడాలంటే అది దించే గిన్నె మచ్చ లేకుండా ఉండాలి. ఆ మాట నేను ఆయనతో అంటుండగానే లోపల గిన్నెల చప్పుడైంది. అత్తమ్మ క్రిస్మస్‌కు మాత్రమే కిందికి దించే పెద్ద స్టీలు గంజు పట్టుకొచ్చి వాకిట్లో పెట్టింది. భుజం మీద ఒక పాత నైలాను చీర. కొడుకు వైపు తిరిగి, "నీ పెండ్లాన్ని అడుగు. గిది పీచు రాని గుడ్డేనా?" అన్నది.

"అవ్ అత్తమ్మా, అదే మంచిది" అన్నాను నేనే.

ఆమె చీరను పర్రున చింపింది. ఇద్దరం గంజును తుడుస్తూ కూర్చున్నాం. కాసేపటికి తల ఎత్తకుండానే, "దాసిపెట్టిన అనుకున్నవా?" అన్నది.

అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. "అనుకున్న."

"ఎంతసేపు?"

"కానుక సంచి మన వరస దాటేదాంక."

"గంతసేపేనా" అని ఆమె నవ్వింది. "నేనైతె వారం అనుకుందు."

నాకు నవ్వొచ్చింది, దానితోపాటే కళ్లలో నీళ్లొచ్చాయి. కిరసనాయిలు వాసన అన్నాను. ఆమె ఒప్పుకుంది.

నూనె దించి, పళ్లెం విప్పి, ఫిల్టరు మూతికి రింగు తొడిగి ఆయన పైకి నెట్టాడు. టక్కుమని చప్పుడు నాకు పైన వినబడింది. కారు కింది నుంచి ఆయన, "ఇప్పుడు చూడు, ఎట్ల పట్టుకున్నదో" అన్నాడు. ఆ గొంతు విని అత్తమ్మ నా వైపు చూసి తల ఊపింది, తనకంతా అర్థమైనట్టు. గంజులోని ఎర్ర నూనె నైలాను గుడ్డలో వడగట్టి మళ్లీ పోశాం.

తాళం తిప్పాను. మూలుగు లేదు. గేరులో వేశాను. కారు మెత్తగా ఒక్కసారి కదిలింది, నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టు. ఇటుకలు తీయించి వెనక్కి వేస్తే సిమెంటు స్తంభాల మీది నుంచి తనంతట తానే దిగింది. మా ఆయన అనవసరంగా చేతులు చాపి పట్టుకోబోయాడు. నూనె వేడెక్కాక మట్టం చూడాలి కాబట్టి అడవి రోడ్డు మీద చాలా దూరం పోయి, గూడెం ముందు గడ్డ కూడా ఎక్కించి, తిరిగి వచ్చాం. ఎక్కడా వణకలేదు. చదునైన చోటు కావాలంటే మా ఊళ్లో చర్చి ముందున్న సిమెంటు గచ్చే. అక్కడే ఇంజను ఆపకుండా పుల్ల తీసి చూశాం. నూనె గీత మీదికి వచ్చింది, నురుగు లేదు. అత్తమ్మ మాత్రం రాలేదు. రమ్మంటే, "నాకు పనున్నది, మీరు పోన్రి" అని గేటు దగ్గరే నిలబడింది. నేను నడిపే బండి ఎక్కడమంటే ఆమెకు ఇంకా మొహమాటమేనని నాకు తెలుసు. ఆ సంతోషంలో నేను దాన్ని పట్టించుకోలేదు.

సోమవారం మామూలు కన్నా ముందే బడికి పోయాను. దారిలో ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్లు గంపలు పక్కకు జరిపి దారి ఇచ్చారు. గడ్డ దగ్గర పిల్లలు నెట్టడానికి వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నుంచి కారు గుక్క తిప్పుకోకుండా పైకి ఎక్కేసరికి వాళ్ల మొహాలు చిన్నబోయాయి. తమ భాషలో ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు, మెచ్చుకోలు మాత్రం కాదు.

ఆ సంబరంలో ఖమ్మానికి ఫోన్ చేసి రావొద్దని చెప్పడం ఇద్దరం మరిచిపోయాం. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మా ఆయన వాకిట్లోనే కాచుకొని ఉన్నాడు. నన్ను తలుపు కూడా తీయనివ్వలేదు.

"పొద్దున ఖమ్మం నుంచి వాళ్లొచ్చిన్రు, జీపు, తాళ్లు తీస్కొని. నేను లోపట గడ్డం గీసుకుంటున్న. అమ్మ గేటు కాడ ఉన్నది" అన్నాడు. "కారేదమ్మా అన్నడు ఆ మెకానిక్కు. మా కోడలు ఏసుకొని బడికి పోయింది అన్నది అమ్మ. ఆయన ఇటుజూసి అటుజూసి, సార్ ఇంట్లనే ఉన్నడు గద, మేడం ఒక్కతే పోయిందా, ఆమె కాలు గట్లుంటె, అన్నడు."

"అత్తమ్మ ఏమన్నది?"

"ఆ కారే ఆమె కాలు గదయ్యా, దాన్ని ఇప్పుకపోతనంటె ఎట్ల ఇస్తం అన్నది. అని గేటేసింది."

వంటింట్లోంచి తాలింపు చప్పుడు వస్తోంది. లోపలికి పోయి చూస్తే అత్తమ్మ పొయ్యి దగ్గర, ఆ మాట అన్నది తను కానట్టు, మిరపకాయలు తుంచుతోంది. నేను స్టూలు ఆమె పక్కకు జరుపుకొని, కాలిపర్ పట్టీలు విప్పుకొని కూర్చున్నాను.